పడమటి కిటికీకి బట్ట

ఎండ రోజు 104

తలుపు కింద నుంచి నోటీసు తోశారు. తాప మండలి ముద్ర ఉంది. కాలనీలో పడమటి కిటికీ ఉన్న ప్రతి ఇంటికీ ఇదే నోటీసు. సాయంత్రం నాలుగింటికి గదిలో వేడి ముప్పై రెండు డిగ్రీలు దాటకూడదు. కుర్చీలో కూర్చున్న మనిషి కంటి దగ్గర పెట్టిన వెలుగు మీటరు ఇరవై దాటకూడదు. నూట ముప్పై తొమ్మిదో రోజున తనిఖీ. తప్పిన కిటికీని మండలివాళ్ళే వెండిరేకు బిగించి శాశ్వతంగా మూసేస్తారు.

ఈ సాయంత్రం నాలుగింటికి నా గదిలో ముప్పై ఎనిమిది. వెలుగు అరవై నాలుగు.

మా కాలనీ పాత బొగ్గు గని తవ్విపోసిన మట్టిగుట్ట మీద ఉంది. నాది ఐదో అంతస్తు. కిటికీ కింద అద్దాల పొలం. ఒక్కో అద్దం గదంత ఉంటుంది. నలభై వరుసలు. అన్నీ వంపు అద్దాలు. ఎండను పట్టి నడిమధ్య ఉన్న గోపురం మీదికి విసురుతాయి. ఊళ్ళో చల్లగాలి యంత్రాలన్నీ ఆ వేడితోనే నడుస్తాయి. పొలం మండలిదే.

నా భార్య సువర్చల ఆ అద్దాలు కడిగేది. పోయిన ఏడాది ఎండ రోజు 131న పదిహేడో వరుసలో పడిపోయింది. వడదెబ్బ అని, నీళ్ళు తాగకపోవడం వల్ల అని మండలి రాసింది. ఆమె నీళ్ళ సీసా ఖాళీగా ఇంటికి వచ్చింది. ఎడమ భుజం మీద అరచేయంత కాలిన మచ్చ ఉంది. అది రిపోర్టులో లేదు.

నేను వాతావరణ కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్ళు అంకెలు రాశాను. ఇప్పుడు ఈ కిటికీ దగ్గర రాస్తున్నాను. కొన్ని సాయంత్రాలు నాలుగు దాటాక ఏదో ఒక అద్దం వెలుగు గోపురం మీంచి జారుతుంది. నేల మీద పాకుతూ కాలనీ దాకా వచ్చి వెనక్కి పోతుంది. ఇప్పటికి ఇరవై రెండు సార్లు చూశాను. టైము రాయగలిగాను. ఏ అద్దమో రాయలేకపోయాను. అటు చూస్తే కళ్ళు చెదిరి పావుగంట దాకా ఏమీ కనపడదు. మండలిది ఒకటే మాట: వెలుగు జారదు.

నాలుగింటికే కడిగేవాళ్ళ రెండో బ్యాచి వరుసల్లోకి దిగుతుంది. ఇవాళ కూడా దిగింది.

కిటికీ మూయనివ్వను.

ఎండ రోజు 107

మూడు రకాలు పెట్టి చూశాను.

మండలివాళ్ళు నమూనాగా ఇచ్చిన వెండిరేకు. ముప్పై ఒకటి. వెలుగు రెండు. పాస్. గోడ కట్టినా పాసవుతుంది.

తెల్ల దుప్పటి. ముప్పై నాలుగు. వెలుగు నలభై ఒకటి. ఎండలో సగాన్ని వెనక్కి కొడుతుంది. మిగిలిన సగాన్ని ఒళ్ళంతా పట్టుకుని తనే ట్యూబులైటులా వెలుగుతుంది. దాని అవతల ఏముందో తెలియదు.

నల్ల దోమతెర, రెండు మడతలు. వెలుగు పదిహేడు. పొలం స్పష్టంగా కనపడింది. ఎవరు నడుస్తున్నారో కూడా చెప్పగలను. కాని గదిలో ముప్పై ఏడు. నలుపు ఎండను తాగి గదిలోకి కక్కుతుంది. చేయి పెడితే పెనంలా ఉంది.

చల్లగా ఉంచేది చూడనివ్వదు. చూడనిచ్చేది చల్లగా ఉంచదు.

ఎండ రోజు 110

అదే దోమతెరను గాజుకు బయట కట్టాను. ముప్పై నాలుగున్నర. వేడి గాజు దాటి లోపలికి వచ్చాక దాన్ని ఆపి లాభం లేదు. బయటే ఆపాలి. ఇంత చిన్న సంగతికి మూడు రోజులు పట్టింది.

కట్టేటప్పుడు కిందనుంచి కేక వినపడింది. మల్లీశ్వరి. రెండో అంతస్తులో ఉంటుంది. రెండో బ్యాచికి పెద్ద. సువర్చలను అక్కా అనేది, అందుకని నేను బావను. పైకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏంది బావా, ఈ వయసుల కోతి లెక్క కిటికీ వట్టుకొని ఏలాడుతున్నవ్? కాలు జారితె నిన్ను ఎత్తుడు కూడ మాకే వడ్తది.”

“బట్ట చూస్తున్నా.”

“చూస్తె చూసినవ్, నల్లది గట్టినవేంది? ఎండకు నల్లది ఎవలన్న గడ్తరా? తెల్లది గట్టు.”

“తెల్లది కడితే మీరు కనపడరు.”

“మేం కనవడకుంటె నీకేమాయె? సంబంధం చూస్తున్నవా ఏంది? నాకు మొగుడున్నడు, ముందే చెప్తున్న.”

 ఆమె నవ్వు ఆపి తెర పక్కకు వచ్చి పొలం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“ఇంత మంచిగ కనవడ్తమా?”

“ఇప్పుడే. ఇంతకు ముందు కాదు.”

“నాలుగ్గొట్టంగనే మమ్ముల పదిహేడుకే పంపుతున్నరు బావా. నిన్న మా బ్యాచిల భూదమ్మ చెప్పు కింద రబ్బరు కరిగింది. నేల గంత కాలుతదా అంటె, ఎండాకాలం గాక వానాకాలమా అన్నడు ఇంజనీరు.”

ఆమె వెళ్ళాక రాసుకున్నాను: బయటి మొహం తెలుపు, లోపలి మొహం నలుపు. మధ్యలో చూపుకు సరిపడా ఖాళీ. అలాంటి బట్ట కొనడానికి దొరకదు. నేయించాలి.

ఎండ రోజు 113

కింది బ్లాకులో మార్కండి ఉన్నాడు. ఊళ్ళో నడుస్తున్న మగ్గం అతనిదొక్కటే. దవాఖానకు గాజుగుడ్డ నేస్తాడు. కావలసింది కాగితం మీద గీసి చూపించాను.

“ఒక మొకం తెలుపు, ఒక మొకం నలుపు. పేకలు రెండు తిప్పాలె. అయితది సార్,” అన్నాడు.

“వందలో ఐదు వంతులు ఖాళీ ఉండాలి.”

“ఖాళీ అంటె?”

“బొక్కలు.”

“బొక్కల బట్ట నేసిన్నంటె మా నాయిన కట్టె వట్టుకొని సర్గంల నుంచి దిగుతడు.”

“గాజుగుడ్డ బొక్కలదే కదా?”

“అది పుండ్ల మీదికి సార్. నలుగురు చూసేది కాదు. కిటికీకి గడ్తె కాలనీ అంత చూస్తది. ఎవలు నేసిండ్రు అంటె నా పేరు చెప్తవ్.”

“చెప్పను.”

“చెప్పకుంటె ఎట్ల? చెప్పాలె.”

ముందు మూడు ముక్కలు నేసి ఇస్తానన్నాడు. పది వంతుల ఖాళీతో ఒకటి, ఐదుతో ఒకటి, మూడుతో ఒకటి.

ఎండ రోజు 118

ముక్కలు వచ్చాయి. మగ్గం మీంచి కోసినవి కోసినట్టే ఇచ్చాడు. కిటికీ పావు వంతుకు కట్టి, మిగతా అంతా రేకుతో మూసి కొలిచాను.

పది: వెలుగు ఇరవై తొమ్మిది. పనికిరాదు.
మూడు: వెలుగు పదకొండు. కింద మనుషులు చీమలు. ఎవరెవరో తెలియదు.
ఐదు: వెలుగు పద్దెనిమిది. మల్లీశ్వరి నడక గుర్తుపట్టాను. కుడికాలు ఈడుస్తుంది.

ఐదు నేయమని చెప్పాను.

ఎండ రోజు 127

పూర్తి బట్ట వచ్చింది. మార్కండి స్వయంగా మోసుకొచ్చాడు. మడత విప్పితే ఫెళఫెళలాడింది. కిటికీ బయట ఇద్దరం కట్టాం. లోపలికి వచ్చి కూర్చున్నాను. పొలం లేదు. గోపురం లేదు. మసక తప్ప ఇంకేమీ లేదు.

బట్టను వేళ్ళ మధ్య నలిపాను. తెల్లగా పొడి రాలింది. గంజి. ప్రతి కన్నంలోనూ పొరలా ఎండి కూర్చుంది.

“గంజి పెట్టావా?”

“వెట్టకుంటె? గంజి లేకుంటె అది బట్టెట్లయితది సార్, మసిగుడ్డ అయితది. దవాఖాన గుడ్డకు వద్దంటరు, వెట్ట. నీదని ప్రత్యేకం రెండు వాయిలు వెట్టిన.”

ముఖంలో గర్వం. పుట్టినప్పటి నుంచి బట్ట చేయి దాటేముందు గంజి తాగించిన మనిషి. ముక్కలకు పెట్టలేదు కాబట్టి పూర్తి బట్టకూ పెట్టడని అనుకున్నాను. తప్పు నాది. చెప్పలేదు.

“ఇది పోవాలి,” అన్నాను.

అతను బట్ట అంచును వేళ్ళతో నిమిరాడు.

“ఉత్తగ ఉతికితె పోదు. నానేసి పులియవెట్టాలె. రెండు రోజులు. తర్వాత మూడు నీళ్ళ జాడింపు. ఎనభై లీటర్లన్న గావాలె.”

నా వాటా రోజుకు పన్నెండు లీటర్లు. తాగడానికి, వండడానికి, ఒంటికి అన్నిటికీ అదే. తనిఖీకి పన్నెండు రోజులుంది.

ఎండ రోజు 129

మల్లీశ్వరి బ్యాచి పని దిగి వస్తూ ఆరు క్యాన్లు తెచ్చింది. అద్దాలు కడిగిన నీళ్ళు. లిఫ్టు లేదు. ఆరుగురు ఆడవాళ్ళు ఐదు అంతస్తులు ఎక్కారు.

“ఇవి బయటికి తేకూడదు కదా,” అన్నాను.

“మట్టిల పారవోయమని రూలు. నీ తొట్టిల పారవోసినం. నీ తొట్టి మట్టి కాదా?” అంది భూదమ్మ. ఆమె ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాత చెప్పు వేసుకుంది.

“బావా, దీంట్ల మేం కనవడ్తమా లేదా? గది చెప్పు ముందు,” అంది మల్లీశ్వరి.

“గంజి పోతే కనపడతారు.”

“అయితె పులియని.”

ఎండ రోజు 131

ఏడాది.

బట్ట తొట్టిలో ఉంది. గది పులుపు వాసన. నీటి మీద బుడగలు.

నాలుగు పన్నెండుకు వెలుగు జారింది. చేయి అడ్డం పెట్టుకుని చూడబోయాను. కళ్ళు చెదిరాయి. ఏ అద్దమో తెలియదు. చూపు తిరిగి వచ్చేసరికి బ్యాచి వరుసలోంచి బయటికి నడుస్తోంది. లెక్కపెట్టాను. ఆరుగురూ ఉన్నారు.

ఎండ రోజు 133

మూడు నీళ్ళలో జాడించి కట్టాను. గంజి పోయింది. బట్ట మెత్తబడింది, జానెడు ముడుచుకుపోయింది కూడా. ఎడమ పక్క నుంచి ఎండ కత్తిలా దూసుకొచ్చింది. మండలివాళ్ళ వెండిరేకును జానెడు వెడల్పున కోసి ఆ అంచుకు కుట్టాను. వాళ్ళ రేకుకు అంత మాత్రం చోటు చాలు.

నాలుగింటికి ముప్పై ఒకటిన్నర. వెలుగు పద్దెనిమిది. పొలం కనపడుతోంది. ఆకుపచ్చ ఎండ టోపీలు, నీళ్ళ గొట్టాలు, వరుసల బోర్డులు.

ఇప్పుడు ఇంకోటి కూడా కనపడింది. బట్ట నిండా ఎర్ర పోగులు. అంగుళానికొకటి, నిలువునా అడ్డంగా. గంజిలో తెలియలేదు. మార్కండిని పిలిచి అడిగాను.

“అవి లెక్క పోగులు సార్. దవాఖానోళ్ళు కొల్చి కోసుకుంటరని ఏస్త.”

“కిటికీని ఎవరు కోస్తారు?”

“చెయ్యి అలవాటు. ఏసేదాక నాకే తెల్వలే. గుంజి తీద్దమంటె బట్ట ఊడుతది.”

వదిలేయమన్నాను. చూపుకు అడ్డమేమో అని కొంచెం చిరాకు పడ్డాను. 

ఎండ రోజు 134

నాలుగు ఎనిమిది. జారింది.

కళ్ళు చెదరలేదు. లోపలి నలుపు వెలుగును తాగేసింది. రూపాయి బిళ్ళంత తెల్లటి గుండ్రం, దానికి అంచు కూడా ఉంది. ఎడమ నుంచి ఏడో ఎర్ర పోగు, కింది నుంచి నాలుగోది. ఆ గడిలో పుట్టింది.

గ్రాఫు కాగితం. మార్కండి నాకు గ్రాఫు కాగితం నేసి ఇచ్చాడు.

ఎండ రోజు 136

తల కదిలితే గడి మారుతుంది. అందుకని నిన్ననే, మొన్న కన్ను ఉన్న చోటే, తీగను ఉంగరంలా వంచి స్టాండుకు బిగించాను. కన్ను ఎప్పుడూ అందులోంచే. మల్లీశ్వరి ఫోను చెవికి పెట్టుకుని పొద్దున మొదటి బ్యాచితో పాటే దిగి వరుస వరుసకూ, పదిహేడులో అద్దం అద్దానికీ వెళ్ళి కడిగే కర్ర పైకెత్తింది. నేను గడి రాసుకున్నాను.

“ఇది ముప్పై బావా. అందిందా? చెయ్యి గుంజుతుంది. నేనేమన్న జెండా కర్రనా?”

నలభై వరుసల పటం తయారైంది.

ఏడో పోగు, నాలుగో పోగు: పదిహేడో వరుస, ఆరో అద్దం.

నిన్నటిదీ అదే. ఈ రోజుదీ అదే.

ఎండ రోజు 139

తనిఖీ. మండలి నుంచి సుధాంశు అనే కుర్ర అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పాడు. మీటరు కుర్చీలో పెట్టి, నాలుగయ్యే దాకా స్టూలు మీద కూర్చున్నాడు.

“ఈ కాలనీలో ఎక్కువమంది రేకుకే ఒప్పుకున్నారు సార్. మీరెందుకింత శ్రమ పడ్డారు?”

“చూడాలని.”

నాలుగు. ముప్పై ఒకటిన్నర. వెలుగు పద్దెనిమిది. రెండు సార్లు కొలిచాడు. పాస్ అని రాసి ముద్ర వేశాడు.

“ఇంకో పది నిమిషాలు కూర్చోండి,” అన్నాను. తీగ ఉంగరం దగ్గర కూర్చోబెట్టాను.

నాలుగు పదికి జారింది. అతని వెన్ను నిటారుగా అయింది.

“అదేంటి సార్?”

“మీ మండలి ప్రకారం అది లేదు.”

“నేల మీద… అక్కడ మనుషులున్నారు కదా?”

“రెండు వరుసల అవతల ఉన్నారు. ఈ రోజుకు. మీరు చూశారు. రాయండి.”

అతను ఫారం తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

“ఇందులో దానికి గడి లేదు సార్.”

“నా దాంట్లో ఉంది. సాక్షి అని సంతకం పెట్టండి.”

పెట్టలేదు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

ఎండ రోజు 142

మండలి ఆఫీసుకు వెళ్ళాను. ఐదు సార్లు ఒకే అద్దం, టైములు, పటం. పెద్ద అధికారి అన్నీ చదివాడు.

“ఒక కిటికీ. ఒక మనిషి. పైగా మీ పరిస్థితి మాకు తెలుసు.”

“నా పరిస్థితి పదిహేడో వరుసలో ఉంది. ఆరో అద్దం.”

“మీరు బాధలో ఉన్నారు.”

“ఉన్నాను. అద్దం గేరు కూడా చెడిపోయింది. రెండిటిలో మీరు బాగుచేయగలిగింది ఒకటే.”

కాగితాలు తీసుకోలేదు. బల్ల మీదే వదిలి వచ్చాను.

ఎండ రోజు 150

మార్కండి రాత్రింబవళ్ళు మగ్గం దిగకుండా ఎనిమిది రోజుల్లో తొమ్మిది కిటికీలకు నేశాడు. గంజి లేకుండా, ఎర్ర పోగులతో. దవాఖాన గుడ్డ ఆగిందని ఫోను వస్తే, “పుండ్లు కాకుండ జూసే బట్ట నేస్తున్న, ఆగుండ్రి” అని పెట్టేశాడట. రేకు బిగించిన కిటికీల్లో మూడు విప్పేశారు. విప్పితే జరిమానా అని మండలి మైకులో చెప్పింది. నాలుగోది కూడా విప్పారు.

ప్రతి కిటికీకి ఒక తీగ ఉంగరం. ప్రతి ఇంటికీ వేరే పటం గీసి ఇచ్చాను. ఒకరు రాసింది ఒకరికి చూపించకూడదు అని చెప్పాను.

ఈ సాయంత్రం పది కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. నాలుగు ఏడు. పదిహేడు, ఆరు. ఒక ముసలాయన మాత్రం అద్దం ఐదు అని రాశాడు. అది దిద్దలేదు. అలాగే ఉంచాను.

పదీ మల్లీశ్వరికి ఇచ్చాను. ఆమె చదివి మడిచి రవికలో పెట్టుకుంది.

“మండలికి చూపెడ్తవా?”

“ఇంక వాళ్ళకు చూపించను. మీకు చూపించాలి. దిగేది మీరు.”

ఎండ రోజు 151

మూడు యాభై. మల్లీశ్వరి ఫోను తెరిచే ఉంచింది. పైనుంచి అందరూ కనపడుతున్నారు, కిందనుంచి అన్నీ వినపడుతున్నాయి.

పదిహేడో వరుస మొదట్లో ఆరుగురూ నిలబడ్డారు. కర్రలు నేల మీద పెట్టారు. లోపలికి దిగలేదు. తెల్ల టోపీ ఇంజనీరు వచ్చాడు.

“ఏంటిది? దిగండి. టైమైంది.”

“ఆరో అద్దం ఆపితె దిగుతం సారూ.”

“అద్దానికేం కాలేదు. కంప్యూటర్‌లో అంతా కరెక్ట్‌గా ఉంది.”

“గట్లనా? అయితె కంప్యూటర్‌నే కడుగమను.”

నవ్వులు. భూదమ్మ గొంతు అందరికంటే పైన.

“డ్యూటీలోంచి తీసేస్తాను మల్లీశ్వరీ. ఆరుగురినీ.”

“తీసెయ్. పోయిన ఏడు ఒకామెను తీసేసిండ్రు. ఆమెకు ముందుగాల చెప్పలే. మాకు చెప్పి తీసేస్తున్నవ్, సంతోషం.”

ఇంజనీరు టోపీ సర్దుకున్నాడు. “చూడండి, నేనే నడిచి చూపిస్తాను. ఏమీ లేదని తెలిస్తే సిగ్గుపడి మీరే దిగుతారు.”

నడవడం మొదలుపెట్టాడు. ఒకటో అద్దం. రెండో అద్దం. నాలుగు ఆరు అయింది.

“ఆపు,” అన్నాను ఫోనులో.

“సారూ, ఆగు! మా బావ ఆగుమంటున్నడు!”

“ఎవరు మీ బావ?”

“ఐదో అంతస్తు!”

అతను ఆగి పైకి చూశాడు. బయటి నుంచి బట్ట తెల్లగా ఉంటుంది. లోపలి మనిషి కనపడడు. పది తెల్ల కిటికీలు అతని మీదికి చూస్తున్నాయి. మూడో అద్దం దగ్గర నిలబడి వాటిని చూస్తూ ఉండిపోయాడు.

నాలుగు ఎనిమిది. గుండ్రం గోపురం అంచు దాటింది. ఎర్ర పోగు మీదికి వచ్చింది.

“వెనక్కి,” అన్నాను.

మల్లీశ్వరి పరుగెత్తింది. కుడికాలు ఈడుస్తూనే పరుగెత్తి అతని చొక్కా వెనక నుంచి పట్టి గుంజింది. ఇద్దరూ వరుస బయట మట్టిలో పడ్డారు.

వెలుగు నేల తాకింది. వరుస మధ్యలో వదిలేసిన నీళ్ళ గొట్టం ఉబ్బి, మెత్తబడి, పొగ లేచింది. తర్వాత నాలుగో అద్దం, మూడో అద్దం. అతను నిలబడిన చోటు మీదుగా పాకి, మట్టిని నల్లగా చేసి, కాలనీ వైపు కదిలింది.

 ఆ తర్వాత ఇంజనీరు గొంతు, ఇంకో ఫోనులో, చాలా చిన్నగా: “ఆరో అద్దం ఆపండి. ఇప్పుడే. లేదు, కంప్యూటర్ కాదు. చేత్తో ఆపండి.”

“రాసుకున్నవా బావా?” అంది మల్లీశ్వరి. ఆయాసపడుతోంది.

“రాస్తున్నా.”

నాలుగు తొమ్మిది. పదిహేడో వరుస, ఆరో అద్దం. నేల మీద పదకొండు సెకన్లు. వరుసలో ఎవరూ లేరు.